ఇవ్వని జీతానికి పన్ను ఎవరు కట్టాలి, ఎప్పుడు కట్టాలి?

ప్రశ్న: నమస్కారం అండి. మాది విశాఖపట్నంలో ఒక చిన్న ఇంజనీరింగ్ సర్వీసుల ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. నేను, నా భార్య డైరెక్టర్లం. నా జీతం నెలకు లక్ష రూపాయలు, ఆవిడ జీతం తీసుకోదు. ఉద్యోగులు 22 మంది. జీతాలు నెలాఖరు పనిరోజున బ్యాంకులో వేస్తాం, అపాయింట్‌మెంట్ లెటర్లలోనూ అలాగే రాసి ఉంది. ఒక పెద్ద కస్టమర్ దగ్గర బిల్లులు ఆగిపోవడంతో 2025 జనవరి, ఫిబ్రవరి, మార్చి జీతాలు ఎవరికీ ఇవ్వలేకపోయాం. మా అకౌంటెంట్ మార్చి 31న ₹36 లక్షలు శాలరీ పేయబుల్ (ఇవ్వాల్సిన జీతాల బాకీ) అని ఎంట్రీ వేశాడు. అందులో నా జీతం ₹3 లక్షలు. ఉద్యోగుల బాకీ జూన్‌లో కొంత, ఆగస్టులో కొంత ఇచ్చి తీర్చేశాం. నాది మాత్రం ఇంకా తీసుకోలేదు. మార్చిలో ప్రకటించిన ₹2.20 లక్షల బోనస్ కూడా ఇవ్వాల్సి ఉంది. కంపెనీ రిటర్ను ఇంకా వేయలేదు.

టీడీఎస్ (ఇచ్చే డబ్బులోంచి ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) కోయలేదు కాబట్టి జీతాల ఖర్చులో 30 శాతం ఒప్పుకోరని అకౌంటెంట్ అంటున్నాడు. న్యూజెర్సీలో ఉన్న మా అన్నయ్యేమో రెండున్నర నెలల్లో ఇచ్చేస్తే ఏ ఇబ్బందీ లేదు, దాటితేనే సమస్య అంటున్నాడు. మాది దాటిపోయింది. నా మూడు నెలల జీతం వదిలేసుకుంటే గొడవ తీరుతుందా? ఇంకో సంగతి. మా ఇంజనీరు ఒకబ్బాయి, నెలకు ₹85,000 జీతం, తొమ్మిది నెలల జీతమే చూపించి రిటర్ను వేశాడు, రీఫండ్ కూడా వచ్చింది. ఇప్పుడు ఎవరో భయపెట్టారట, రోజూ వచ్చి అడుగుతున్నాడు. వాడికేం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది. దయచేసి వివరంగా రాయండి. పేరు వేయవద్దు.

సమాధానం: మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది చివర రాసిన ఆ ఇంజనీరు సంగతి. దాన్ని చివరికి ఉంచుతున్నాను, ఎందుకంటే ముందు మిగతావి తేలితేనే అది అర్థమవుతుంది. ఇది రాస్తున్నది 2025 నవంబరు ఆఖరి వారంలో. మీకు రెండు గడువులు దగ్గరకొచ్చాయి. కంపెనీ రిటర్ను గడువు ఈసారి అక్టోబరు 31 నుంచి డిసెంబరు 10కి పొడిగించారు. ఉద్యోగులు తమ రిటర్నులు సవరించుకోవడానికి ఆఖరి రోజు డిసెంబరు 31. ఈ రెండు తేదీలూ గోడ మీద రాసి పెట్టుకోండి.

మీ అకౌంటెంట్ మార్చి 31న చేసిన పని ఊహించగలను. లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్లో ఎఫ్7 నొక్కి, జీతాల ఖాతాకి డెబిట్, శాలరీ పేయబుల్‌కి క్రెడిట్. జూన్‌లో డబ్బు వేసినప్పుడు ఎఫ్5 నొక్కి పేమెంట్ ఎంట్రీ. ఒకే జీతానికి రెండు ఎంట్రీలు, రెండు తేదీలు. మీ గందరగోళమంతా ఈ రెండు తేదీల మధ్యే ఉంది. కంపెనీకి ఖర్చు లెక్కకొచ్చేది ఎఫ్7 రోజున. టీడీఎస్ బాధ్యత పుట్టేది ఎఫ్5 రోజున. ఉద్యోగి మీద పన్ను మాత్రం ఈ రెండింటినీ పట్టించుకోదు. అది అపాయింట్‌మెంట్ లెటర్ చెప్పిన తేదీని పట్టుకుని నడుస్తుంది.

ముందు కంపెనీ ఖర్చు. కంపెనీలు మర్కంటైల్ పద్ధతిలోనే (డబ్బు ఇచ్చిన రోజున కాక, బాకీ పడిన రోజున) లెక్కలు రాయాలని కంపెనీల చట్టం 128వ సెక్షన్ చెప్తుంది. ఉద్యోగి మార్చి నెలంతా పని చేశాడు, మీరు అతనికి బాకీ పడ్డారు, కాబట్టి అది 2024-25 ఖర్చే. చేతిలో డబ్బు లేక ఇవ్వకపోయినంత మాత్రాన ఖర్చు కాకుండా పోదు. ఇక్కడ చాలామంది ఆదాయపు పన్ను చట్టంలోని 43బి సెక్షన్ గుర్తొచ్చి కంగారు పడతారు. కొన్ని ఖర్చులు నిజంగా డబ్బు కట్టినప్పుడే ఒప్పుకుంటామని చెప్పే సెక్షన్ అది. పన్నులు, పీఎఫ్‌లో యజమాని వాటా, బోనస్, కమీషన్, లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్ అందులో ఉన్నాయి. మామూలు నెల జీతం ఆ జాబితాలో లేదు. నాకు తెలిసి ఈ ఒక్క మాట తెలియకే ఎంతో మంది చిన్న కంపెనీల వాళ్లు జీతాల బాకీని తామే ఆదాయంలో కలిపేసుకుని, అనవసరంగా పన్ను కట్టారు. మీరు ఆ పని చేయకండి. మీ ఉద్యోగుల ₹33 లక్షలూ, మీ ₹3 లక్షలూ 2024-25లో ఖర్చుగా చూపించవచ్చు. బాకీ నిజమైనదై ఉండాలి, అంతే. లాభం వస్తే ఇద్దాం, లేకపోతే లేదు అని ముందే షరతు పెట్టుకున్న జీతమైతే అది బాకీ కాదు, ఖర్చూ కాదు.

మీ అన్నయ్య చెప్పింది అబద్ధం కాదు, కానీ అది అమెరికా మాట. అక్కడ కంపెనీ సంవత్సరం ముగిశాక రెండున్నర నెలల్లోపు జీతం, బోనస్ చెల్లిస్తే ముగిసిన సంవత్సరంలోనే ఖర్చు ఇస్తారు. దాటితే చెల్లించిన సంవత్సరానికి పోతుంది. అదీ బయటి ఉద్యోగుల విషయంలో. కంపెనీలో సగానికి మించి వాటా ఉన్న యజమాని తనకు తాను బాకీ పెట్టుకుంటే ఆ రెండున్నర నెలల వెసులుబాటు కూడా ఉండదు, అతని చేతికి వచ్చి అతని ఆదాయంలో చేరినప్పుడే కంపెనీకి ఖర్చు. అక్కడ ఉద్యోగికి ఒక మేలుంది: డబ్బు తన అందుబాటులోకి వచ్చిన ఏడాదే పన్ను. మన దగ్గర అది తిరగబడింది. కంపెనీకి వెసులుబాటు, ఉద్యోగికి ఇరకాటం. అన్నయ్యతో మాట్లాడేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకుంటే ఇద్దరికీ వాదన తగ్గుతుంది.

ఇక టీడీఎస్. మీ అకౌంటెంట్ భయపడుతున్నది 40(ఏ)(ఐఏ) గురించి. టీడీఎస్ కోయాల్సి ఉండీ కోయకపోతే ఆ ఖర్చులో 30 శాతం ఒప్పుకోరని అందులో ఉన్న మాట నిజమే. కానీ కోయాల్సిన రోజు ఎప్పుడన్నది చూడాలి కదా. జీతాలకు వర్తించేది 192వ సెక్షన్, అది "చెల్లించేటప్పుడు" కోయమంటుంది. మార్చి 31న మీరు చెల్లించలేదు, కాబట్టి ఆ రోజు కోయాల్సిన బాధ్యతే లేదు, తప్పూ లేదు. 30 శాతం ప్రశ్న ఇక్కడ రాదు. జూన్‌లో, ఆగస్టులో డబ్బు వేసినప్పుడు మాత్రం ఆ ఏడాది మొత్తం జీతం అంచనా వేసి, పన్ను పడే వాళ్లకు కోసి, తర్వాతి నెల 7లోపు కట్టి ఉండాలి. అప్పుడు మర్చిపోయారేమో ఒకసారి చూసుకోండి. కోయాల్సిన రోజు నుంచి కోసిన రోజు దాకా నెలకు 1 శాతం, కోసి కట్టకుండా ఉంచుకుంటే నెలకు 1.5 శాతం వడ్డీ పడుతుంది.

అయితే మీ అకౌంటెంట్ భయం పూర్తిగా పనికిరానిది కాదు. మీ దగ్గర జీతం మీద కాకుండా ఫీజు మీద పనిచేసే కన్సల్టెంట్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే అతని మాట వాళ్ల విషయంలో నిజమవుతుంది. ప్రొఫెషనల్ ఫీజులకు వర్తించే 194జె సెక్షన్‌లో చెల్లింపు కానీ, ఖాతాలో క్రెడిట్ కానీ, ఏది ముందైతే ఆ రోజే కోయాలి. అంటే ఎఫ్7 రోజే. సస్పెన్స్ ఖాతాలోనో ప్రొవిజన్ పేరుతోనో పెట్టినా క్రెడిట్ చేసినట్టే లెక్క. 2024-25లో ఒక్కో మనిషికి ఏడాదికి ₹30,000 దాటిన ఫీజుకి ఇది వర్తిస్తుంది, 2025 ఏప్రిల్ నుంచి ఆ పరిమితి ₹50,000 అయింది. మార్చిలో క్రెడిట్ చేసిన వాటి టీడీఎస్ ఏప్రిల్ 30లోపు కట్టాలి. కట్టి ఉండకపోతే ఇప్పుడైనా వడ్డీతో సహా డిసెంబరు 10లోపు కట్టేయండి, 30 శాతం గండం తప్పుతుంది. ఆ కన్సల్టెంట్లు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలైతే ఇంకో మెలిక ఉంది. ఒప్పందం రాసుకుంటే గరిష్ఠంగా 45 రోజులు, లేకపోతే 15 రోజులు దాటిన బాకీ, నిజంగా చెల్లించిన ఏడాదిలోనే ఖర్చవుతుంది. దానికి రిటర్ను గడువు దాకా అనే వెసులుబాటు లేదు.

బోనస్ విషయంలో మాత్రం తొందరపడండి. అది 43బిలో ఉంది. రిటర్ను గడువులోపు నిజంగా చెల్లిస్తే 2024-25 ఖర్చు, లేకపోతే చెల్లించిన ఏడాది ఖర్చు. గడువు డిసెంబరు 10 అయింది కాబట్టి ఇంకా రెండు వారాలుంది. ₹2.20 లక్షలు 9వ తేదీకల్లా బ్యాంకు ద్వారా వాళ్ల ఖాతాల్లో పడేలా చూడండి. పన్ను ఆదా ఒక్కటే అని కాదు, మూడు నెలలు జీతం లేకుండా మీతో ఉన్న మనుషులు వాళ్లు.

మీరు పీఎఫ్ మాట ఎత్తలేదు కానీ 22 మంది ఉన్నారంటే పీఎఫ్ ఉండే ఉంటుంది. యజమాని వాటా ఆలస్యమైనా రిటర్ను గడువులోపు కడితే ఖర్చు దొరుకుతుంది. ఉద్యోగి వాటాకి ఆ దయ లేదు. నెల ముగిసిన 15 రోజుల్లోపు కట్టకపోతే ఆ మొత్తం కంపెనీ ఆదాయంలో కలిసిపోతుంది, తర్వాత ఎప్పుడు కట్టినా తిరిగి రాదు. చెక్‌మేట్ సర్వీసెస్ కేసులో 2022 అక్టోబరు 12న సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చేసింది. జీతమే ఇవ్వనప్పుడు ఉద్యోగి దగ్గర కోసిందేముంది, కోయనిదాన్ని ఆలస్యంగా కట్టామని ఎలా అంటారు అని మీ తరఫున వాదించవచ్చు, ఆ వాదనలో బలం కూడా ఉంది. కానీ ఆడిట్ రిపోర్టులో గడువు తేదీ, కట్టిన తేదీ పక్కపక్కనే ఉంటాయి. మనిషి చూడకముందే బెంగళూరు ప్రాసెసింగ్ సెంటర్ ఆ మొత్తాన్ని కలిపేయవచ్చు. మీ ఆడిటర్‌తో రిటర్నుకు ముందే కూర్చుని మాట్లాడండి.

ఇప్పుడు మీ జీతం. వదిలేసుకుంటే గొడవ తీరుతుందా అన్నారు. తీరదు, రెండింతలవుతుంది. మార్చి 31కి మీకు ఆ మూడు నెలల జీతం బాకీ పడిపోయింది. బాకీ పడ్డాక వదులుకోవడం అంటే చట్టం దృష్టిలో మీ ఆదాయాన్ని మీరు కంపెనీకి ఇచ్చేసినట్టు. మీ మీద పన్ను పోదు. అటు కంపెనీ ఖర్చుగా రాసుకున్న బాకీ మాఫీ అయింది కాబట్టి 41(1) సెక్షన్ కింద అది కంపెనీకి ఆదాయమవుతుంది. ఒకే ₹3 లక్షల మీద మీరూ కట్టి, మీ కంపెనీ కూడా కడుతుంది. పుస్తకాల్లో మీరే ఏకపక్షంగా రైట్ బ్యాక్ చేసినా (బాకీని కొట్టేసి ఆదాయంగా రాసుకున్నా) ఇదే లెక్క. జీతం తగ్గించుకోవాలనుకుంటే నెల మొదలు కాకముందే బోర్డు తీర్మానం రాసి, ఫలానా నెల నుంచి ఇంత అని పెట్టుకోండి. అప్పుడు బాకీయే పుట్టదు. దాన్ని అప్పుగా మార్చి మీ లోన్ ఖాతాలో వేసుకోవడం ఇంకొందరు చెప్పే సలహా. అలా మారిస్తే మీరు జీతం తీసుకుని తిరిగి కంపెనీకి అప్పిచ్చినట్టే చూస్తారు, కాబట్టి ఆ ఎంట్రీ రోజే టీడీఎస్ కోయాలి.

మరి మీరు మీ రిటర్నులో ఎంత చూపించారు? నాకెందుకో మీరూ తొమ్మిది నెలలే చూపించి ఉంటారని అనుమానం. కొత్త విధానంలో ₹9 లక్షల జీతానికి సెస్‌తో కలిపి పన్ను ₹33,800. ₹12 లక్షలకైతే ₹71,500. అంటే చేతికి రాని జీతం మీద మీరు అదనంగా కట్టాల్సింది ₹37,700. మీ రిటర్నూ డిసెంబరు 31లోపు సవరించాలి. మీ ఆవిడ సంగతికొస్తే, జీతం కాకుండా సిట్టింగ్ ఫీజు (బోర్డు సమావేశానికి వచ్చినందుకు ఇచ్చేది) లాంటిది ఏదైనా ఆమె పేరున రాస్తే అది 194జె కిందకి వస్తుంది. క్రెడిట్ రోజే 10 శాతం కోయాలి, ఒక్క రూపాయికైనా సరే.

ఇక ఆ అబ్బాయి.

15వ సెక్షన్ చాలా చిన్నది. యజమాని నుంచి ఆ ఏడాది రావలసిన జీతం, ఇచ్చినా ఇవ్వకపోయినా, ఆ ఏడాది ఆదాయమే. ముందుగా తీసుకున్న జీతమైతే తీసుకున్న ఏడాది ఆదాయం. పాత బకాయి ఇప్పుడు వస్తే, అంతకుముందు దాని మీద పన్ను పడి ఉండకపోతే, వచ్చిన ఏడాది ఆదాయం. "ఇచ్చినా ఇవ్వకపోయినా" అన్న ఆ రెండు మాటలే ఉద్యోగికి ఉరి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 ఆదాయపు పన్ను చట్టంలోనూ ఈ సూత్రం మారలేదు.

ఇక్కడ మన టీచర్ల లెక్క గుర్తు చేస్తాను, విషయం వెంటనే అర్థమవుతుంది. ప్రభుత్వ ఉద్యోగులు ఫారం 16 (ఏడాది జీతం, కోసిన పన్ను చూపే సర్టిఫికెట్) కోసం జీతాలు రాసుకునేటప్పుడు మార్చి నుంచి ఫిబ్రవరి దాకా రాస్తారు. మార్చి జీతం ఏప్రిల్ 1న ఇవ్వాల్సినది కాబట్టి అది వచ్చే ఏడాదికి వెళ్తుంది. మీ అపాయింట్‌మెంట్ లెటర్లలో కూడా "తర్వాతి నెల 5లోపు" అని ఉండి ఉంటే, మార్చి జీతం ఏప్రిల్లో బాకీ పడేది, మీ ఇంజనీరు జనవరి, ఫిబ్రవరి వరకే చూపించాల్సి వచ్చేది. మీరు నెలాఖరు పనిరోజు అని రాశారు. అందుకని మూడు నెలలూ ఆ ఏడాదికే వస్తాయి. డీఏ బకాయిలు వేరు. జీవో వచ్చేదాకా ఆ పెంపు ఎవరికీ బాకీ పడదు. జీవో వచ్చాక పాత నెలలకు కలిపి ఇస్తారు కాబట్టి అది అసలైన అరియర్స్, పాత జీతం ఒకేసారి రావడం వల్ల పెరిగిన పన్నుకి 89వ సెక్షన్ ఊరట ఉంటుంది, రిటర్నుకు ముందే పోర్టల్లో ఫారం 10ఈ వేసి తీసుకుంటారు. మీ ఇంజనీరుది ఆ కోవలోది కాదు. అతని జీతం ఎంతో, ఏ రోజు ఇవ్వాలో ముందే తెలుసు. అది ఆ రోజే బాకీ పడింది, రాలేదు అంతే.

ఇప్పుడు అతని లెక్క. నెలకు ₹85,000 చొప్పున ఏడాదికి ₹10,20,000. స్టాండర్డ్ డిడక్షన్ ₹75,000 పోతే ₹9,45,000. 2024-25 కొత్త విధానంలో దాని మీద పన్ను ₹44,500, సెస్‌తో ₹46,280. మీరు ఏడాది మొత్తానికి అంచనా వేసి నెలకు ₹3,857 చొప్పున కోసి ఉంటే, తొమ్మిది నెలలకు ₹34,713 కట్ అయి ఉంటుంది. అతను రిటర్నులో చూపించింది తొమ్మిది నెలల ₹7,65,000. డిడక్షన్ పోతే ₹6,90,000. ఆ ఏడాది ₹7 లక్షల దాకా రిబేటు ఉంది కాబట్టి పన్ను సున్నా అయింది, కోసిందంతా రీఫండ్‌గా వచ్చింది. పాపం మోసం చేద్దామని చేసిన పని కాదు. ఫారం 16లో ఏముంటే అది నింపాడు, వెబ్‌సైట్ లెక్క వేసింది, డబ్బు ఇచ్చింది.

దీన్ని ఈ ఏడాదిలో, అంటే 2025-26లో, చూపించుకుంటానంటే ఏమవుతుందో కూడా చూడండి. ఈ ఏడాది జీతం ₹10,20,000, పాత మూడు నెలలది ₹2,55,000, మొత్తం ₹12,75,000. డిడక్షన్ పోతే సరిగ్గా ₹12,00,000. ఈ ఏడాది ₹12 లక్షల దాకా రిబేటు. మళ్లీ సున్నా. రెండేళ్లలోనూ ఒక్క రూపాయి పన్ను లేకుండా పోతుంది. అతనికి ఎవరో ఈ సలహా ఇచ్చే ఉంటారు, వినడానికి చాలా బాగుంటుంది. చాలామంది అలాగే చేస్తారు కూడా. కానీ ఒక పక్క మీ కంపెనీ పన్నెండు నెలల జీతం 2024-25లో ఖర్చుగా చూపిస్తోంది, ఇంకో పక్క అతను తొమ్మిది నెలలే వచ్చిందంటున్నాడు. ఆ రెండూ ఒకే శాఖ కంప్యూటర్లో ఉన్నాయి. నోటీసు వచ్చిన రోజున అతని దగ్గర చెప్పడానికి సెక్షన్ ఏదీ ఉండదు. నేను అతని అన్నయ్యనైతే ఇప్పుడే సవరించుకోమంటాను.

సవరిస్తే అతను తిరిగి ఇవ్వాల్సింది వచ్చిన రీఫండ్ ₹34,710, పైన తక్కువ పడ్డ ₹11,570, దాని మీద కొంత వడ్డీ. ఆ వడ్డీ పెద్దది కాదు, ముందస్తు పన్ను తక్కువ కట్టినందుకు 234బి కింద ఏప్రిల్ నుంచి నెలకు ₹115, ఇంకా ఇతరత్రా చిన్నవి, పోర్టలే లెక్క కట్టి చూపిస్తుంది. డిసెంబరు 31 దాటితే అప్‌డేటెడ్ రిటర్ను వేయాలి, దానికి పన్ను, వడ్డీ కలిపిన మొత్తం మీద అదనంగా 25 శాతంతో మొదలై ఆలస్యాన్ని బట్టి 70 శాతం దాకా కట్టాలి. అందుకే ఇప్పుడే.

మీ 22 మందిలో అందరికీ ఈ ఇబ్బంది ఉండదు, ఊపిరి పీల్చుకోండి. కొత్త విధానంలో ఉండి, వేరే ఆదాయం లేకుండా, నెలకు సుమారు ₹64,500 లోపు జీతం ఉన్నవాళ్లకు పన్నెండు నెలలు కలిపినా 2024-25లో పన్ను సున్నాయే. వాళ్లు సవరిస్తే మంచిదే, సవరించినా జేబులోంచి పోయేదేమీ లేదు. అంతకన్నా ఎక్కువ జీతం ఉన్నవాళ్లు, పాత విధానంలో ఉన్నవాళ్లు ఎవరో రిజిస్టర్ తీసి చూడండి. నలుగురో ఐదుగురో తేలుతారు.

కొన్నేళ్ల కిందట నా ఆఫీసుకి ఒక కుర్రాడు వచ్చాడు. ప్లాస్టిక్ కవర్లో బ్యాంకు పాస్‌బుక్, అపాయింట్‌మెంట్ లెటర్, ఒక నోటీసు. ఐదు నెలలు జీతం ఇవ్వకుండా అతని కంపెనీ మూతపడింది. పాస్‌బుక్ తెరిచి, ఆగస్టు తర్వాత జీతం పద్దు లేని పేజీ మీద వేలు పెట్టి, "సార్, ఇందులో డబ్బు ఎక్కడుంది చూపించండి, కడతాను" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. వ్యాపారికి రాని బాకీ ఉంటే బ్యాడ్ డెట్‌గా తీసేసుకుంటాడు. జీతగాడికి అలాంటి సెక్షన్ లేదు. బాకీ పడిన జీతం ఎప్పటికీ రాకపోయినా, కట్టిన పన్ను వెనక్కి ఇచ్చే దారి ఈ చట్టంలో రాయలేదు. కంపెనీ దివాలాకు వెళ్తే ఫారం డి వేసి క్లెయిమ్ చేయవచ్చు. లిక్విడేషన్‌లో కార్మికుల 24 నెలల బాకీకి, ఇతర ఉద్యోగుల 12 నెలల బాకీకి వరుసలో పై స్థానాలున్నాయి. ఆ వరుస కదలడానికి ఏళ్లు పడుతుంది, పన్ను నోటీసు ఆగదు. ఇది అన్యాయమని ఇరవై ఏళ్లుగా అనుకుంటూనే ఉన్నాను. కనీసం టీడీఎస్‌కి ఎలా చెల్లింపు రోజును పట్టుకున్నారో, ప్రైవేటు ఉద్యోగి పన్నుకూ అదే రోజును పట్టుకుంటే సరిపోయేది.

మీ దగ్గర వాళ్లకు డబ్బు వచ్చింది, అది నయం. మీరు చేయగలిగింది ఇంకొకటుంది. ఉద్యోగుల దగ్గర సాక్ష్యం ఉండేలా చూడండి. ఎందుకంటే మీరు జూన్, ఆగస్టులో ఇచ్చిన డబ్బు ఈ ఏడాది ఫారం 16లో మళ్లీ చేరుతుంది, మీ ఇంజనీరుకి ₹12,75,000 అని పడుతుంది. పోయిన ఏడాది పన్ను కట్టినదాని మీద మళ్లీ కట్టనక్కర్లేదని 15వ సెక్షనే చెప్తుంది. అందుకని వచ్చే జూలైలో అతను ₹10,20,000 మాత్రమే చూపించాలి. ఈ ఏడాది ఎవరికైనా ఆ బకాయిల మీద టీడీఎస్ కోసి ఉంటే, ఆదాయం ఏ ఏడాదిదైతే క్రెడిట్ కూడా ఆ ఏడాదికే ఇవ్వాలని 37బీఏ రూలు ఉంది. కానీ పన్ను జమలు చూపే పట్టిక 26ఏఎస్‌లో అది ఈ ఏడాది పేజీలో కనపడుతుంది. తేడా ఎందుకొచ్చిందని అడిగితే చూపించడానికి కాగితం కావాలి.

కంపెనీ లెటర్‌హెడ్ మీద, మీ సంతకంతో, ఇంత చాలు: "శ్రీ ఫలానా గారికి 2025 జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల జీతం ₹2,55,000 అపాయింట్‌మెంట్ లెటర్ ప్రకారం ఆయా నెలల చివరి పనిరోజున చెల్లించవలసి ఉండగా, నిధుల కొరత వల్ల చెల్లించలేదు. ఈ మొత్తాన్ని 2025 జూన్ ఫలానా తేదీన ఇంత, ఆగస్టు ఫలానా తేదీన ఇంత చొప్పున బ్యాంకు ద్వారా చెల్లించాము. దీనిపై కోసిన టీడీఎస్ ఇంత. ఈ జీతం మా లెక్కల్లో 2024-25 ఖర్చుగా చూపబడింది." తేదీలు, అంకెలు బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిపోవాలి.

ఇంకొక్క మాట, ముందు నెలల గురించి. 2025 నవంబరు 21 నుంచి వేతనాల కోడ్ అమల్లోకి వచ్చింది. నెల జీతం తర్వాతి నెల 7వ తేదీ దాటకూడదని అందులో ఉంది. అది మీ ఉద్యోగులకూ వర్తిస్తుంది. కస్టమర్ బిల్లు మళ్లీ ఆగేలా ఉంటే జీతాల బాకీ పెట్టే ముందే బ్యాంకులో ఓవర్‌డ్రాఫ్ట్ గురించి అడగండి.

మీ ఇంజనీరుని రేపు మీ గదికి పిలిచి కూర్చోబెట్టండి. తప్పు అతనిది కాదని ముందు చెప్పండి. రిటర్ను సవరించే ఖర్చు, వడ్డీ కంపెనీ భరిస్తుందని చెప్పగలిగితే చెప్పండి, ఆలస్యం మీ వల్ల జరిగింది కాబట్టి. ₹46 వేలు ఒక్కసారి కట్టలేనంటే జీతంలో నెలనెలా కోసుకునేలా అడ్వాన్స్ ఇవ్వండి. ఆ ఉత్తరం చేతికిచ్చి పంపండి. మిగతా నలుగురైదుగురికి కూడా ఈ వారంలోనే ఇవ్వండి, వాళ్లకు డిసెంబరు 31 దాకా నెలకు పైగా టైముంది.